ట్యూబ్‌లో గర్భం: ఆ అంకె సున్నా అయ్యేదాకా

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. పెళ్లయి రెండేళ్లయింది. ఇదే మొదటి ప్రెగ్నెన్సీ. నెల తప్పిన వారానికి ఇంట్లో టెస్ట్ చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. ఆ సంతోషం నాలుగు రోజులు కూడా లేదు. కాఫీ రంగులో కొద్దికొద్దిగా బ్లీడింగ్ కనిపించింది, ఎడమవైపు పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి మొదలైంది. ఖమ్మంలో స్కాన్ చేస్తే గర్భసంచిలో ఏమీ కనబడలేదన్నారు. రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ 1,180 వచ్చింది. రెండు రోజులకు 1,390, ఇంకో రెండు రోజులకు 1,560. మళ్లీ స్కాన్ చేసి, ఎడమ ట్యూబ్‌లో 2.2 సెంటీమీటర్ల ముద్దలా ఉంది, గుండె కొట్టుకోవడం లేదు, ఇది ట్యూబ్‌లో గర్భం, మెథోట్రెక్సేట్ ఇంజక్షన్ చేద్దాం అన్నారు. మా ఆయన ఫోన్‌లో వెతికితే అది క్యాన్సర్ మందు అని వచ్చింది. మా అత్తయ్యేమో పది రోజులు ఆగితే గర్భం అదే కిందికి జారుతుంది అంటున్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ గర్భం పోయే మాత్రలు ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి? రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లడం వల్లే ఇలా అయిందా? నాకు మళ్లీ పిల్లలు పుడతారా? రిపోర్టులు ఫొటో తీసి పంపుతున్నాను.
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివిన పది నిమిషాలకే మీకు ఫోన్ చేశాను. ఇలాంటి ప్రశ్నకు జవాబు అచ్చయ్యేదాకా ఆగకూడదు. మర్నాడు, మంగళవారం పొద్దున్నే ఇంజక్షన్ చేయించుకున్నానని మీరు మెసేజ్ పెట్టాకే నాకు కాస్త స్థిమితం కలిగింది. ఆ రోజు ఫోన్‌లో మీరు ఏడుస్తూనే ఉన్నారు. నేను చెప్పిన దాంట్లో సగం మీ చెవికి ఎక్కి ఉండదు. పేరు లేకుండా రాయడానికి ఒప్పుకున్నారు కాబట్టి అవే మాటలు నెమ్మదిగా రాస్తున్నాను. ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. ముఖ్యంగా మీ అత్తయ్యగారు.

ముందు ఆవిడ మాటే తీసుకుందాం. గర్భం కిందికి జారుతుందన్న ఆశ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మామూలుగా గర్భం మొదలయ్యేది అండాశయం నుంచి గర్భసంచికి దారి అయిన ట్యూబ్‌లోనే. అండం, వీర్యకణం కలిసేది అక్కడే. తర్వాత నాలుగైదు రోజుల్లో ఆ పిండం మెల్లగా ప్రయాణించి గర్భసంచిలోకి చేరి, అక్కడ గోడకు అతుక్కుంటుంది. మీ విషయంలో ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోయి, పిండం ట్యూబ్ గోడలోనే వేళ్లు దించేసింది. ఒకసారి వేళ్లు దించాక అది జారదు. దాన్ని తీసి గర్భసంచిలో నాటే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. ట్యూబ్ పది సెంటీమీటర్ల పొడవుండే సన్నని గొట్టం, గర్భసంచిలా సాగదు. లోపల పెరిగేది గోడను తొలుచుకుంటూ పోతుంది, ఏదో ఒక పూట ఆ గోడ చిట్లి కడుపులోకి రక్తం కారుతుంది. కాబట్టి ఈ గర్భం నిలిచే దారి లేదు. ఈ మాట చెప్పడం ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదమ్మా. కానీ మీరు స్పష్టంగా వినాల్సిన మొదటి మాట ఇదే.

అత్తయ్యగారు చెప్పినట్టు ఆగి చూసినవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. హెచ్‌సీజీ తక్కువగా ఉండి, దానంతట అదే రెండు రోజులకోసారి పడిపోతూ, నొప్పి లేకుండా ఉంటే, డాక్టర్ కనుసన్నల్లో మందు లేకుండా ఆగుతాం. శరీరమే దాన్ని కరిగించుకుంటుంది. ఆవిడ విన్న కథ అలాంటిదే అయి ఉండవచ్చు. మీ అంకె పడిపోవడం లేదు, పెరుగుతోంది. అందుకే ఆగడం మీకు పనికిరాదు.

ఇక మీ డాక్టర్ మొదటిరోజే ఖాయంగా ఎందుకు చెప్పలేదు, నాలుగు రోజులు తిప్పుకున్నారేమిటని మీవారికి కోపంగా ఉన్నట్టుంది. ఆ నాలుగు రోజులూ వృథా పోలేదు. నెల తప్పిన కొత్తలో స్కాన్‌లో ఏమీ కనబడకపోతే అర్థాలు మూడు. గర్భం లోపలే ఉండి ఇంకా కనబడేంత పెరగలేదు, లేదా గర్భం పోతోంది, లేదా బయట ఎక్కడో ఉంది. ఒక్క స్కాన్‌తో, ఒక్క రక్తపరీక్షతో ఈ మూడింటినీ వేరు చేయలేం. తొందరపడి ఇంజక్షన్ ఇచ్చేస్తే, లోపల బాగున్న బిడ్డను మన చేతులతో పోగొట్టినట్టవుతుంది. అందుకే 48 గంటలు ఆగి మళ్లీ రక్తం తీస్తాం. మీ మొదటి అంకె స్థాయిలో, లోపల సరిగ్గా పెరుగుతున్న గర్భంలో ఈ హార్మోన్ రెండు రోజుల్లో తక్కువలో తక్కువ సగం మేరకైనా పెరుగుతుంది. చాలామందిలో అంతకన్నా ఎక్కువే. ఆ లెక్కన మీ 1,180 నాలుగు రోజుల్లో ఎంత నిదానంగా పెరిగినా 2,400 దాటాలి. 1,560 దగ్గరే ఉంది. పడిపోయి ఉంటే అబార్షన్ అవుతోందనుకునేవాళ్లం. సరిగ్గా పెరగకుండా, పడిపోకుండా ఇలా ఈడ్చుకుంటూ వస్తే ట్యూబ్ మీద అనుమానం బలపడుతుంది.

అయినా అంకె ఒక్కటే చాలదు. రెండో స్కాన్ రిపోర్టులో ఒక వాక్యం ఉంది, మీరు గమనించారో లేదో. ఎడమ అండాశయం పక్కన ఉంగరంలాంటి ముద్ద, అండాశయంతో సంబంధం లేకుండా విడిగా కదులుతోంది అని. కింది నుంచి చేసే స్కాన్‌లో ఆ పరికరంతో మెల్లగా నొక్కి చూస్తారు. అండాశయంలో మామూలుగా ఉండే నీటిబుడగ అయితే అండాశయంతో పాటే కదులుతుంది. ట్యూబ్‌లోది విడిగా జరుగుతుంది. ఆ ఒక్క వాక్యం కోసం ఆ స్కాన్ చేసినవారికి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పొట్ట మీద నుంచి హడావిడిగా చేసిన స్కాన్‌లో ఇది దొరకదు. నెల తప్పిన కొత్తలో నొప్పి, బ్లీడింగ్ ఉన్నవాళ్లు కింది నుంచి చేసే స్కాన్‌కి సిగ్గుపడి వద్దనకండి.

స్కూటీ వల్ల కాదు. బొప్పాయి వల్లా కాదు, మెట్లెక్కినందుకూ కాదు. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. ఇంతకుముందు ట్యూబ్‌లో గర్భం వచ్చినవాళ్లకు, ట్యూబ్ మీద ఆపరేషన్ అయినవాళ్లకు, ఎప్పుడో క్లమీడియాలాంటి ఇన్‌ఫెక్షనో గర్భాశయానికి టీబీయో సోకి ట్యూబ్ లోపల మచ్చలు పడ్డవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లకు అవకాశం ఎక్కువ. కాపర్-టీ లోపల ఉండగా నెల తప్పినా ముందు ట్యూబ్ సంగతే చూడాలి. అయితే ట్యూబ్‌లో గర్భం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి వీటిలో ఏదీ ఉండదు. మీరూ ఆ సగంలోనివారే. మీరు చేసిన తప్పేమీ లేదు. ఆఫీసుకు వెళ్లిన ఆడపిల్లను ఈ విషయంలో ఎవరైనా వేలెత్తి చూపిస్తే, వాళ్లకు ఈ పేరా చూపించండి.

క్యాన్సర్ మందు అన్న మాట నిజమే. కానీ ఆ పేరు చూసి మీవారు భయపడినంత పని లేదు. మెథోట్రెక్సేట్ చేసే పని ఒకటే: వేగంగా విభజన చెందే కణాలకు ఫోలిక్ యాసిడ్ అందకుండా అడ్డుపడటం. క్యాన్సర్ కణాలు అలా పెరుగుతాయి. ట్యూబ్‌లో వేళ్లు దించిన ఆ కణజాలమూ అలాగే పెరుగుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లు ఇదే మందును తక్కువ మోతాదులో వారానికొకసారి ఏళ్ల తరబడి వేసుకుంటారు. మీ వీధిలోనే ఒకరిద్దరు ఉండవచ్చు. ట్యూబ్‌లో గర్భానికి దీన్ని మొదట వాడింది 1982లో, జపాన్‌లో. మీ ఎత్తు, బరువు లెక్కగట్టి చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. మీకు 75, 80 మిల్లీగ్రాముల మధ్య పడి ఉంటుంది. కొన్ని క్యాన్సర్లకు గ్రాముల్లో ఎక్కిస్తారు. రెండింటికీ పోలికే లేదు. కాస్త వికారం, నోట్లో పుళ్లు, నీరసం ఉండవచ్చు. ఒకట్రెండు డోసులకు జుట్టంతా రాలిపోదు. ఇచ్చేముందు లివర్, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు చేశారు కదా, అవి సరిగా ఉంటేనే ఇస్తారు.

ఇది అందరికీ సరిపోదు. ముద్ద నాలుగు సెంటీమీటర్లు దాటినా, అందులో గుండె కొట్టుకుంటున్నా, హెచ్‌సీజీ 5,000 పైన ఉన్నా మందు విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. చిట్లిన గుర్తులుంటే ఇక ఆలోచించకుండా ఆపరేషనే. మీకు వీటిలో ఏదీ లేదు. మీలాంటివారిలో పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి మందుతోనే తగ్గిపోతుంది.

ఆర్‌ఎంపీ గారి మాత్రల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మెడికల్ షాపులో దొరికే ఆ కిట్‌లో ఉండేవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. అవి గర్భసంచి మీద పనిచేసే మందులు. ట్యూబ్‌లో గర్భాన్ని అవి పోగొట్టలేవు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, అవి వేసుకోగానే గర్భసంచి లోపలి పొర ఊడి బ్లీడింగ్ బాగా అవుతుంది. హమ్మయ్య, అంతా పోయింది అనుకుని ఇంట్లో పడుకుంటారు. ట్యూబ్‌లోది అలాగే ఉంటుంది. నొప్పి వస్తే మాత్రల నొప్పే అనుకుంటారు. ప్రాణం మీదికొచ్చాక ఆస్పత్రికి తెస్తారు. స్కాన్‌లో గర్భం ఎక్కడుందో చూడకుండా ఎవరూ, ఎప్పుడూ ఆ మాత్రలు వేసుకోకూడదు.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో ఒక వానాకాలం రాత్రి, రెండు గంటలప్పుడు ఆటోలో ఒకావిడను తెచ్చారు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఇద్దరు పిల్లలు, చిన్నవాడు పుట్టినప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. మూడు రోజులుగా కడుపునొప్పి అంటే ఒకచోట గ్యాస్ అని మందులిచ్చి పంపారట. నెలసరి పది రోజులు ఆలస్యమైందని ఆవిడ చెప్పిందట గానీ, ఆపరేషన్ అయింది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోలేకపోతోంది. పడుకోబెడితే "భుజం లాగేస్తందమ్మా" అని లేచి కూర్చుంటోంది. కూర్చుంటే కళ్లు తిరిగి పక్కకు ఒరిగిపోతోంది. కింది కనురెప్ప లాగి చూశాను. తెల్లకాగితంలా ఉంది. చేతులు చల్లగా, చెమటతో జారిపోతున్నాయి. మూత్రపరీక్ష చేస్తే రెండు గీతలు. కడుపు తెరిస్తే రెండు లీటర్ల దాకా రక్తం, గడ్డలు. అంతా తీశాక కుడి ట్యూబ్ మీద కనిపించింది, గోరంత చిరుగు. అంతే. మనిషి ప్రాణాన్ని పీల్చేస్తున్నది ఆ గోరంత చిరుగే.

బతికింది. మూడో రోజు మంచం మీద కూర్చుని గంజి తాగుతూ అంది: "కడుపులో నొప్పంటే గ్యాస్ అన్నరు. భుజం నొప్పంటే బరువులెత్తినవేమో అన్నరు. రెండూ ఒకటే జబ్బని నాకెట్ల తెలుస్తదమ్మా?" ఆవిడకు తెలియకపోవడంలో తప్పు లేదు. కారిన రక్తం పైకి చేరి, కడుపుకీ ఛాతీకీ మధ్యనుండే పొరను తాకుతుంది. ఆ పొరకు, భుజానికి నరాల దారి ఒకటే కావడంతో నొప్పి భుజంలో తెలుస్తుంది. అప్పటినుంచి నెల తప్పిన ఏ ఆడమనిషి కడుపునొప్పి అని వచ్చినా భుజం సంగతి అడగకుండా నేను వదల్లేదు.

ఇది మీకోసమే కాదు, ఈ పేజీ చదివే అక్కలు, వదినల కోసం కూడా చెబుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు కనే వయసులో ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఈ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే మాత్రం, మూడింట ఒకటి ట్యూబ్‌లోనే వస్తుంది. ఆపరేషన్ అయి పదేళ్లయినా సరే, నెల తప్పి కడుపునొప్పి వస్తే ముందు యూరిన్ టెస్ట్ చేయించుకోండి.

ఇప్పుడు మీ సంగతి. మీ మంచం పక్కన ఫోలిక్ యాసిడ్ మాత్రల డబ్బా ఉందని ఫోన్‌లో చెప్పారు. దాన్ని తీసేయించాను, గుర్తుందా? మందు అడ్డుకుంటున్నదే ఫోలిక్ యాసిడ్‌ని. ఆ మాత్ర వేసుకుంటే ఇంజక్షన్‌కి మనమే ఎదురు పనిచేసినట్టు. మల్టీవిటమిన్‌లోనూ అది ఉంటుంది కాబట్టి అదీ వద్దు. నొప్పికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మెథోట్రెక్సేట్‌తో కలిస్తే మంచిది కాదు. హెచ్‌సీజీ సున్నా అయ్యేదాకా దాంపత్యం, బరువులెత్తడం, ఎండలో తిరగడం వద్దు.

మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల కడుపులో నొప్పి కాస్త ఎక్కువవుతుంది. చాలామందికి అవుతుంది. లోపలిది కరిగి విడిపోతున్నప్పుడు వచ్చే నొప్పి అది. ఒక పూట పడుకుంటే, పారాసెటమాల్ వేసుకుంటే తగ్గుతుంది. అలా తగ్గకుండా ఒక్కసారిగా కోసేసినట్టు వచ్చినా, భుజంలో లాగినా, కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, మోషన్ వస్తున్నట్టు కింద ఒత్తిడిగా ఉండి ఏమీ రాకపోయినా ఇక ఆలోచించొద్దు. ఎవరినీ అడగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఇంజక్షన్ చేయించుకున్నాక కూడా ట్యూబ్ చిట్లవచ్చు, అంకె తగ్గుతున్నప్పుడు కూడా. అందుకే మీ ఊరికి వెళ్లకుండా ఖమ్మంలో మీ పిన్నిగారింట్లో కొన్నాళ్లు ఉండమన్నాను. ఆపరేషన్ థియేటర్, బ్లడ్ బ్యాంక్ ఉన్న ఆస్పత్రికి అరగంటలో చేరగలగాలి. రాత్రి ఒక్కరే పడుకోకండి.

ఇంకో విషయం. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, పంపిన రిపోర్టు ఫొటోలో కింది మూలన ఉంది. మీది బి నెగటివ్. మీవారిది బి పాజిటివ్ అన్నారు. ఇలాంటప్పుడు బిడ్డ రక్తకణాలు మీ రక్తంలో కలిస్తే వచ్చే కాన్పుల్లో ఇబ్బంది రాకుండా యాంటీ-డి ఇంజక్షన్ ఇస్తారు. 72 గంటల్లోపు ఇవ్వడం మంచిది. మీ డాక్టర్ ఇచ్చారో లేదో గురువారంలోగా అడిగి తెలుసుకోమన్నాను. ఆపరేషన్ దాకా వెళితే మరీ ముఖ్యం.

రక్తపరీక్షలు. నేను పట్టుబట్టేది వీటి దగ్గరే. ఇంజక్షన్ వేయించుకుని, నొప్పి తగ్గి, బ్లీడింగ్ ఆగిపోగానే ఇక పరీక్షకు రానివాళ్లను చాలామందిని చూశాను. ఊరినుంచి రావాలంటే ఒకరోజు కూలి పోతుంది, నాకు తెలుసు. కానీ ఇంజక్షన్ సగం వైద్యమే, మిగతా సగం ఈ పరీక్షలే. ఇంజక్షన్ చేసిన మంగళవారం ఒకటో రోజు. శుక్రవారం నాలుగో రోజు. ఆ రోజు అంకె తగ్గకపోగా పెరిగి కనిపించవచ్చు, బెంబేలెత్తకండి. అసలు పోలిక నాలుగో రోజుకు, ఏడో రోజుకు మధ్య. కనీసం 15 శాతం తగ్గాలి. శుక్రవారం 1,500 వస్తే సోమవారం 1,275 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలన్నమాట. తగ్గకపోతే రెండో డోస్ ఇస్తారు. దాన్ని ఓటమి అనుకోవద్దు, కొందరికి రెండోది పడుతుంది. తగ్గితే వారానికొకసారి రక్తం ఇస్తూ ఉండాలి. సున్నాకు రావడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది, కొందరికి రెండు నెలలు కూడా.

ఒకవేళ మందు పనిచేయక ఆపరేషన్ కావాల్సి వస్తే? చాలావరకు లాప్రోస్కోపీతో, చిన్న రంధ్రాలతోనే చేస్తారు. ట్యూబ్ తీసేస్తారా, కోసి లోపలిది మాత్రం తీసి ట్యూబ్ ఉంచుతారా అనేది రెండో ట్యూబ్ ఎలా ఉందో చూసి నిర్ణయిస్తారు. ట్యూబ్ తీసేస్తే సగం ఆశ పోయినట్టే అని అందరూ అనుకుంటారు. అది సరి కాదు. యూరప్, అమెరికా ఆస్పత్రుల్లో రెండో ట్యూబ్ బాగున్న 446 మందితో చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మూడేళ్లలో సహజంగా గర్భం వచ్చి నిలిచినవాళ్లు, ట్యూబ్ ఉంచినవారిలో 60.7 శాతం, తీసేసినవారిలో 56.2 శాతం. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదని తేల్చారు. ఒకవైపు అండాశయం నుంచి వచ్చిన అండాన్ని రెండోవైపు ట్యూబ్ అందుకోవడం కూడా జరుగుతుంది. మీకు ఇప్పటికి రెండు ట్యూబులూ ఉన్నాయి. పిల్లలు పుట్టే అవకాశం మీకు బాగానే ఉంది.

మందు ప్రభావం పూర్తిగా పోవడానికి మూడు నెలలు ఆగి అప్పుడు ప్రయత్నించండి. అప్పటిదాకా జాగ్రత్తపడాలి. సున్నాకు వచ్చాక, మీ డాక్టర్ సరేనన్నాక ఫోలిక్ యాసిడ్ డబ్బా మళ్లీ తెరవండి. ఈసారి నెల తప్పగానే డాక్టర్‌కి చెప్పాలి, ఆరో వారంలోనే స్కాన్ చేయించుకోవాలి. మళ్లీ ట్యూబ్‌లోనే వచ్చే అవకాశం పదింటిలో ఒకటి ఉంటుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ముందే చూస్తే దాన్నీ మందుతోనే సరిచేయవచ్చు.

ఫోన్ పెట్టేసే ముందు మీరు ఒక మాటన్నారు: "ఇంజక్షన్‌కి ఒప్పుకుంటే నేనే నా బిడ్డను పోగొట్టుకున్నట్టు కదా డాక్టర్ గారూ?" అప్పుడు నాకు వెంటనే సరైన మాట రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ బిడ్డ బతికే దారి ఆ చోట అతుక్కున్న రోజే మూసుకుపోయింది. మీరు సంతకం పెట్టింది మీ ప్రాణం కోసం. దుఃఖం ఉంటుంది, రెండు గీతలు చూసిన రోజునుంచి మీరు తల్లే. చిన్నదే కదా, ఇంకా ఆకారం కూడా రాలేదు కదా అని ఎవరన్నా మీరు ఏడుపు ఆపుకోనక్కర్లేదు. మీవారూ లోపల కుమిలిపోతూ ఉంటారు, కోపంగా కనబడేది అందుకే కావచ్చు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

సోమవారం ఏడో రోజు. పొద్దున్నే రక్తం ఇచ్చేసి, సాయంత్రం రిపోర్టు రాగానే ముందు మీ డాక్టర్‌కి చూపించి, ఆ అంకె నాకు మెసేజ్ పెట్టండి. అది సున్నా అయ్యేదాకా ప్రతి వారం పెట్టండి. ఒక వారం రాకపోతే నేనే ఫోన్ చేస్తాను.